మాస్టారి నోటుబుక్కు, ఒక ముసలి హార్డ్ డిస్క్

మా లెక్కల మాస్టారు రిటైరై పద్నాలుగేళ్లయింది గానీ, లెక్క రాసి పెట్టుకునే అలవాటు మాత్రం రిటైరవలేదు. 2025 డిసెంబర్ రెండో వారంలో తెనాలి గంగానమ్మపేటలో వాళ్లింటికి వెళ్తే, కంప్యూటర్ చూపించకముందే ఒక రూళ్ల నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. ఎడమవైపు తేదీ, మధ్యలో బటన్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకునేదాకా పట్టిన టైము, కుడివైపు రిమార్కులు. ఆగస్టు 4 నుంచి రోజూ, ఒక్కరోజు కూడా వదలకుండా. ఇరవై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నాను, పేషెంటు కంటే ముందు చార్టు చేతికొచ్చిన కేసు ఇదొక్కటే.

"ఒరేయ్, నువ్వు దాన్ని విప్పేముందు ఇది చదువు" అన్నారు. తొమ్మిదో తరగతిలో నా నోటుబుక్కు ఆయన దిద్దేవారు, ఇప్పుడు ఆయనది నేను చదువుతున్నాను. మంచి టీ ఒకటి తాగుతూ చదివాను. నిజం చెప్పాలంటే సగం డయాగ్నసిస్ అక్కడే అయిపోయింది.

ఆగస్టులో టైము దాదాపు ఒకేలా ఉంది: 3 నిమిషాల 50 సెకన్లు, 3:55, 3:48. స్లోనే, కానీ స్థిరంగా స్లో. సెప్టెంబర్ 11న రిమార్కుల్లో "స్పీడ్ బూస్టర్ వేయించితిని" అని ఉంది. ఆ మర్నాటి నుంచి 4:50, 4:55. సెప్టెంబర్ 29న "రెండవ యాంటీవైరస్", ఆ తర్వాత 6:20 చుట్టూ. ఇక్కడివరకు మెట్లు మెట్లుగా పెరిగింది, ప్రతి మెట్టు దగ్గరా ఒక రిమార్కు ఉంది. నవంబర్ మధ్య నుంచి మాత్రం వరస తప్పింది. ఒకరోజు 6:30, మర్నాడు 11 నిమిషాలు, ఆ తర్వాత మళ్లీ 7, ఇంకోరోజు "తెరచుకొనలేదు, మరల ఆపి వేసితిని". రిమార్కుల గడి ఖాళీ. కొత్తగా ఏమీ వేయించలేదు.

ఇలాంటి చోట నాకు కడుపులో తిప్పుతుంది. సాఫ్ట్‌వేర్ బరువు వల్ల వచ్చే నెమ్మది రోజూ ఒకే కొలతలో ఉంటుంది, ఎందుకంటే రోజూ అదే బరువు మోస్తోంది కాబట్టి. అదే టైము ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఎగిరెగిరి పడుతోందంటే ముందు అనుమానించాల్సింది హార్డ్ డిస్క్‌ని. డిస్క్ పోతోందంటే అందులో ఉన్నవన్నీ పోతున్నాయని అర్థం. అప్పుడు స్పీడు సంగతి తర్వాత.

ఇంకో చిత్రం కూడా ఉంది. చాలా పేజీల్లో రిమార్కుల గడిలో "తేదీ సరిచేసితిని" అని రాసి ఉంది. ఏమిటండీ ఇది అంటే, పొద్దున్నే కంప్యూటర్ వేయగానే తేదీ 2014 జనవరి 1 చూపిస్తుందట, ఆయన చేత్తో మార్చుకుంటారట, మార్చకపోతే బ్యాంకు సైటు తెరుచుకోదట. ఎవరో కుర్రాడు వచ్చి "సర్టిఫికెట్ వైరస్ పట్టింది" అని చెప్పి ఆ రెండో యాంటీవైరస్ వేసి డబ్బు తీసుకెళ్లాడు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్2032, దాని ఆయుష్షు తీరింది, అంతే. మాస్టారు జాగ్రత్తపరుడు, రాత్రి గోడ దగ్గర స్విచ్ కూడా తీసేస్తారు, దాంతో గడియారానికి కరెంటు ఇచ్చేవాళ్లు లేరు. తేదీ తప్పయితే సైటు చూపించే సర్టిఫికెట్ గడువు సరిపోలదు, బ్రౌజర్ "ఈ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఆపేస్తుంది. నలభై రూపాయల సెల్. నెలల తరబడి ఆయన రోజూ పొద్దున్నే సంధ్యావందనంలా తేదీ దిద్దుకున్నారు.

ఇక పేషెంటు. 2014లో కొన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్, నాలుగో తరం ఐ3, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. కొన్నప్పుడు విండోస్ 8.1, తర్వాత 2016లో ఉచిత అప్‌గ్రేడ్ గడువు ముగిసేలోపు కొడుకు విండోస్ 10కి మార్చాడు. ఇప్పుడు దాని మీద విండోస్ 10 ప్రో ఉంది. హోమ్ ఎడిషన్‌తో వచ్చిన మిషన్‌కి ప్రో ఎలా వచ్చిందో నాకు చెప్పనక్కర్లేదు. మధ్యలో ఎవరో ఫార్మాట్ కొట్టి క్రాక్, అంటే దొంగ లైసెన్స్, వేశారు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. అది తెరుచుకోవడానికే ముప్పావు నిమిషం. డిస్క్ 100 శాతం. చాలామంది ఇక్కడ ఆగిపోయి "డిస్క్ ఫుల్లుగా వాడుతోంది, ఏదో ప్రోగ్రామ్ తినేస్తోంది" అనుకుంటారు. పక్కన ఉన్న పెర్ఫార్మెన్స్ పేజీలో రెండు అంకెలు చూడాలి. సెకనుకి ఎంత చదువుతోంది, అడిగిన ఒక్కోదానికి సగటున ఎంతసేపట్లో జవాబిస్తోంది. ఇక్కడ చదువుతున్నది సెకనుకి 1 ఎంబీ దాటడం లేదు, జవాబుకి 900 మిల్లీ సెకన్లు, మధ్యమధ్యలో 4000. అంటే పని ఎక్కువై డిస్క్ అలిసిపోవడం కాదు, చిన్న పనికే నోరు పెగలడం లేదు. బాగున్న 7200 ఆర్‌పీఎం డిస్క్ పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8 మిల్లీ సెకన్ల చిల్లర పడుతుంది, చదివే తల సరైన చోటికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. సగటున అర చుట్టు ఆగితే చాలు కాబట్టి మొత్తం కలిపి పది పదిహేనులో జవాబు రావాలి. నాలుగు వేలు అంటే ఒకే సెక్టార్‌ని, అంటే డిస్క్ మీది ఒక చిన్న గడిని, చదవలేక మళ్లీ మళ్లీ తిరిగి ప్రయత్నిస్తోందన్నమాట.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉంటుంది, డిస్క్ ఆరోగ్యం చెప్పే ప్రోగ్రామ్ అది, పెట్టి చూశాను. పసుపు రంగులో కాషన్. 05 వరసలో, అంటే పాడైన సెక్టార్లకి బదులుగా విడిగా ఉంచిన చోటు వాడుకున్న లెక్కలో, కొంత ఉంది. సీ5 దగ్గర 68. సీ5 అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు, ఇంకా తేలని కేసులు. మాస్టారు పక్కనుంచి "అరవై ఎనిమిదే కదరా" అన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది మాస్టారూ అన్నాను. ఒక్క క్షణం ఆగి, "అయితే నూట నాలుగు" అన్నారు. ఆరు పదహార్లు తొంభై ఆరు, ప్లస్ ఎనిమిది. డెబ్బై రెండేళ్లు ఆయనకి! డిస్క్ తిరిగిన మొత్తం గంటలు 19,412, పదకొండేళ్ల మీద రోజుకి ఐదు గంటల లోపు. ఆ డిస్క్‌ని తిట్టడానికేమీ లేదు, చేయాల్సిన చాకిరీ చేసింది.

అక్కడే షట్‌డౌన్ చేసేశాను. "వైరస్ తీయవా?" అన్నారు. ఇప్పుడు వైరస్ స్కాన్ పెడితే డిస్క్‌లో ఉన్న ప్రతి ఫైలూ చదవాలి, గంటల తరబడి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌తో పరుగుపందెం పెట్టించినట్టు. ఫైళ్ల ముక్కల్ని వరసగా సర్దే డీఫ్రాగ్ అంతే. చెక్‌డిస్క్ కూడా అంతే, పైగా అది తనకి తోచినట్టు దిద్దుతూ అదే డిస్క్ మీద రాస్తుంది, కొన్నిసార్లు దొరికేది కూడా దొరక్కుండా చేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని మాస్టారి తోడల్లుడు ఫోన్‌లో చెప్పాడట. వద్దండీ, బయటికి తీయగానే లోపల తేమ పట్టి ఉన్నది కూడా పోతుంది.

అందులో ఏమున్నాయో అడిగాను. పన్నెండేళ్ల ఫోటోలు, పెన్షన్ కాగితాల స్కాన్‌లు, మనవరాలి వీడియోలు. వాటితోపాటు మాస్టారు ఆరేళ్లుగా రాస్తున్న వంశవృక్షం, పుస్తకాల పేజీలు పేర్చే పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో. కాపీ ఉందా అంటే ఉందన్నారు, డీ డ్రైవ్‌లో. ఒకే డిస్క్‌కి మధ్యలో గీత గీసి ఒక సగాన్ని సీ అని, ఇంకో సగాన్ని డీ అని పిలుచుకోవడమే అది. ఎడమ జేబులో డబ్బు పోతుందని కుడి జేబులో పెట్టుకున్నట్టు, చొక్కా మాత్రం ఒకటే. ఇది మాస్టారొక్కరి పొరపాటు కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి సగం మంది ఇలాగే అనుకుంటారు.

అమ్మగారు అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. "మా అమ్మ ఫోటో ఒకటుంది బాబూ అందులో, అది మాత్రం పోనివ్వకు" అన్నారు.

షాపుకి తెచ్చి డిస్క్ విప్పి, లైనక్స్ మిషన్‌కి తగిలించి డీడీరెస్క్యూ పెట్టాను. ఉచితంగా దొరికే ఈ చిన్న ప్రోగ్రామ్‌కి ఉన్న తెలివి ఏమిటంటే, ముందు తేలిగ్గా వచ్చేదంతా తెచ్చేసుకుంటుంది. అడ్డం తగిలిన చోట ఆగి పోట్లాడకుండా దాటేసి ముందుకెళ్లిపోతుంది, ఏమేం దాటిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది, చివర్లో తిరిగొచ్చి ఆ ముక్కల్ని కొంచెం కొంచెంగా గీకుతుంది. మధ్యలో కరెంటు పోయినా మ్యాప్ ఉంది కాబట్టి ఆగిన చోటు నుంచే మొదలుపెట్టొచ్చు. మామూలు కాపీ పేస్ట్ అయితే మొదటి చెడ్డ ఫైలు దగ్గరే తల బాదుకుంటూ కూర్చుంటుంది, ఈలోపు డిస్క్ చచ్చిపోతుంది. మొదటి విడత మూడున్నర గంటల్లో దాదాపు మొత్తం వచ్చేసింది. మిగతా ముక్కల కోసం రాత్రంతా. మర్నాడు మధ్యాహ్నానికి 500 జీబీలో రెండొందల కేబీ చిల్లర తప్ప అంతా మా షాపు డిస్క్‌లోకి దిగింది. ఆ రెండొందల కేబీ ఏ ఫైళ్ల మీద పడిందన్నది తర్వాత చెప్తాను.

ఈలోపు కొడుకు డల్లాస్ నుంచి ఫోన్. "అన్నా, దాన్ని పారేయ్, కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చెయ్, డబ్బులు నేను పంపిస్తా." నిజానికి తప్పు సలహా కాదు. నాలుగో తరం ప్రాసెసర్ విండోస్ 11కి పనికిరాదు, మైక్రోసాఫ్ట్ ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. కానీ మాస్టారికి ఆ కీబోర్డు, ఆ పాత స్కానర్, ఆ పేజ్‌మేకర్ 7 కావాలి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని వెనకాల ఇప్పుడు ఎవరూ లేరు. అను ఫాంట్లు యూనికోడ్‌కి, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతికి, ముందు తరానివి, ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. అందుకే లైనక్స్ మింట్ వేద్దామన్న ఆలోచన కూడా పక్కన పెట్టాను, లేకపోతే ఇలాంటి మిషన్లకి నేను మొదట చెప్పేది అదే. రూల్స్ తప్పించి విండోస్ 11 ఎక్కించే దారులున్నాయి, కుర్రాళ్లకైతే వేస్తాను, పెద్దవాళ్ల ఇంట్లో వేయను. రేపు ఏదో అప్‌డేట్ రాక ఆగిపోతే పాపం వాళ్లేం చేస్తారు.

మిగిలింది ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్. ఇళ్లలో వాడేవాళ్లకి మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. మిషన్ విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2లో ఉండాలి. పది నెలలు దొరుకుతాయి, ఆ లోపు వంశవృక్షాన్ని యూనికోడ్‌లోకి మార్చేస్తే ఆ తర్వాత ఏ మిషన్ అయినా ఒకటే. "పది నెలలాగు తమ్ముడూ, అప్పుడు కొనిద్దువుగాని, ఈలోపు ఆయన పని పాడవదు" అని చెప్పాను. ఈ అప్‌డేట్ల గోల ఎందుకన్నా అన్నాడు. 2017 మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే ర్యాన్సమ్‌వేర్ వన్నాక్రై కొట్టినప్పుడు దాన్ని ఆపే ప్యాచ్ మార్చిలోనే వచ్చేసింది, వేసుకోనివాళ్లే మునిగారు. మన ఆంధ్రాలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది గుర్తుచేస్తే ఇంక వాదించలేదు.

పాత విండోస్‌ని కొత్త ఎస్ఎస్‌డీలోకి, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల మీద నడిచే డిస్క్‌లోకి, ఉన్నదున్నట్టు క్లోన్ చేసేస్తే గంట పని. మా కుర్రాడు అదే చేద్దామన్నాడు. నేను ముందు ఆ కాపీ నుంచి మిషన్‌ని ఒకసారి, నెట్ తీగ పీకేసి, పైకి లేపి చూశాను. చూసి ఉండకపోతే చెత్తనంతా కొత్త ఇంట్లోకి మోసుకెళ్లేవాళ్లం.

రెండు యాంటీవైరస్‌లు ఒకదాన్నొకటి కాపలా కాసుకుంటున్నాయి. ఒకటి ఏదైనా ఫైలు తెరిస్తే అది దొంగేమోనని రెండోది తెరుస్తుంది. వాటిలో ఒకటి ఏడాది క్రితమే గడువు తీరిన ట్రయల్, కొత్త వైరస్‌ల జాబితా రావడం ఆగిపోయి ఉత్త బరువుగా కూర్చుంది. ఇవి ఉన్నాయని విండోస్ సొంత డిఫెండర్ మర్యాదగా పక్కకి తప్పుకుంది. స్పీడ్ బూస్టర్ తెరవగానే ఎర్రక్షరాల్లో "1,847 సమస్యలు" అంది. ఆ 1,847లో ఎక్కువ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టాలో, మిగిలిపోయిన పాత గీతలు. రిజిస్ట్రీలో లక్షల ఎంట్రీలుంటాయి, వెయ్యి తీసేస్తే వచ్చే స్పీడు సముద్రంలోంచి చెంబుడు నీళ్లు తోడినంత. పొరపాటున అక్కరకొచ్చే ఎంట్రీ ఒకటి పోతే మాత్రం ప్రింటర్ పడుకుంటుంది. ఈ బూస్టర్ తనతోపాటు విండోస్ వేయగానే మొదలయ్యే నాలుగు ప్రోగ్రామ్‌లు పెట్టింది. మాస్టారి నోటుబుక్కులో సెప్టెంబర్ 11 దగ్గర పెరిగిన నిమిషం అదే.

అసలు దొంగ వేరే ఉన్నాడు. బ్రౌజర్ మెనూ కింద చిన్న అక్షరాల్లో "మీ సంస్థ దీన్ని నిర్వహిస్తోంది" అన్న ముక్క కనిపించింది. ఆఫీసు కంప్యూటర్లో అయితే మామూలే. ఇంటి కంప్యూటర్లో ఏ సంస్థ? తర్వాత మాస్టారికి చెప్తే "మా సంస్థ అంటే మా ఆవిడే, ఆవిడ మౌస్ కూడా ముట్టుకోదు" అన్నారు. ఎవరో రిజిస్ట్రీలో పాలసీ రాసి, ఒక ఎక్స్‌టెన్షన్‌ని, అంటే బ్రౌజర్‌కి అతికే చిన్న ప్రోగ్రామ్‌ని, తీసేయడానికి వీల్లేకుండా బిగించారు. మాస్టారు ఏం వెతికినా ముందు వాళ్ల పేజీకి వెళ్లి అక్కడ్నుంచి జవాబు వస్తోంది. డిఫెండర్ సెట్టింగ్స్‌లో "చూడకుండా వదిలేయాల్సినవి" అన్న జాబితా తెరిస్తే ఒకే ఒక్క ఎంట్రీ: మొత్తం సీ డ్రైవ్. ఇల్లంతా చూడకు, మిగతాది చూసుకో అని కాపలావాడికి చెప్పినట్టు. ఇది క్రాక్ చేసే పనే. క్రాక్ పనిచేయాలంటే కాపలా పడుకోవాలి, అందుకని "ముందు యాంటీవైరస్ ఆపండి" అని వాళ్లే సలహా ఇస్తారు, మనం వేలితో నొక్కి మరీ ఆపుతాం.

నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, ఈ క్రాక్ అవసరమే లేదు. 2016లో కొడుకు చేసిన అప్‌గ్రేడ్‌తో ఈ మదర్‌బోర్డుకి విండోస్ 10 హోమ్ సింగిల్ లాంగ్వేజ్ డిజిటల్ లైసెన్స్ వచ్చి ఉంది. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే నెట్ తగలగానే కీ అడక్కుండా అదే యాక్టివేట్ అవుతుంది. ఎవరో ప్రో వేస్తే గొప్పగా ఉంటుందని ప్రో వేసి, దానికి లైసెన్స్ లేదని క్రాక్ పెట్టారు. ఇంటి తాళంచెవి జేబులో పెట్టుకుని కిటికీ పగలగొట్టుకుని లోపలికి వెళ్లడం! మీ దగ్గరున్నది పాత బ్రాండెడ్ మిషన్ అయితే ఫార్మాట్ కొట్టేముందు వెనకాల స్టిక్కర్ చూసి, మొదట ఏ ఎడిషన్‌తో వచ్చిందో కనుక్కోండి.

క్యాబినెట్ విప్పితే దుమ్ము సంగతి సరే, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె పక్కన నాలుగు బల్లి గుడ్లు, రెండు పగిలిన డొల్లలు. ప్రాసెసర్ ఫ్యాన్ కింద ఉన్న రెక్కల మధ్య దుమ్ము నమదా గుడ్డలా పేరుకుపోయింది. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో పట్టుకోవాలి, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. ప్రాసెసర్ మీద వేడి లాగే పాత పేస్ట్ ఎండి సున్నంలా రాలింది, కొత్తది వేశాను. పని ఎక్కువ ఉన్నప్పుడు 92 డిగ్రీలు చూపించిన ప్రాసెసర్ 64కి దిగింది. సెల్ మార్చాను.

480 జీబీ ఎస్ఎస్‌డీ బిగించి మైక్రోసాఫ్ట్ సొంత టూల్‌తో చేసిన పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ వేశాం. వేగం కొలిస్తే సెకనుకి 260 ఎంబీ. అయిదొందల దాకా రావాలే అనుకుని పది నిమిషాలు ఎస్ఎస్‌డీనే అనుమానించాను. తప్పు నాదే. ఈ బోర్డు మీద ఉన్న డిస్క్ వైరు గుచ్చే నాలుగు సాటా పోర్టుల్లో రెండే 6 జీబీపీఎస్‌వి, మిగతా రెండు పాత 3 జీబీపీఎస్‌వి. వైరు చేతికి అందిన పోర్టులో గుచ్చేశాను. మార్చగానే 520. రోజువారీ వాడకంలో ఈ తేడా మాస్టారికి తెలియదనుకోండి, ఎందుకంటే విండోస్ తెరుచుకోవడంలో అసలు గెలుపు ఎక్కడెక్కడో పడి ఉన్న చిన్న చిన్న ఫైళ్లని తిరిగే పళ్లెం లేకుండా అందుకోవడంలో ఉంది. అయినా తెలిసీ వదిలేయలేం కదా.

ర్యామ్ సంగతి. పాత మిషన్ స్లో అనగానే ర్యామ్ వేయమంటారు. ఇక్కడ 4 జీబీ తక్కువే, బ్రౌజర్‌లో ఆరు ట్యాబులు తెరిస్తే నిండిపోతుంది, నిండినప్పుడు విండోస్ మిగిలింది డిస్క్ మీదకి తోస్తుంది. పాత డిస్క్ అయితే అప్పుడు మిషన్ ఆగిపోయినట్టే ఉంటుంది, ఎస్ఎస్‌డీ అయితే కొంచెం తడబడి నడుస్తుంది. అందుకే డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ఎస్ఎస్‌డీ అంటాను. రెండో స్లాట్ ఖాళీగా ఉంది, సెకండ్ హ్యాండ్ 4 జీబీ డీడీఆర్3 ఏడొందలకి దొరికింది, వేశాం. ఈమధ్య కొత్త ర్యామ్ ధరలు చూస్తుంటే పాత డీడీఆర్3 డబ్బా పారేయకపోవడం మంచిదయింది.

కొలత: బటన్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకునేదాకా 24 సెకన్లు. మాస్టారు చేతిగడియారం పెట్టుకుని మూడుసార్లు చూశారు. మీరు కొలుచుకునేటప్పుడు రీస్టార్ట్ ఇచ్చి కొలవండి, షట్‌డౌన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలోంచి లేస్తుంది, అంకె కొంచెం అబద్ధం చెప్తుంది.

రక్షణకి కొన్నదేమీ లేదు. డిఫెండర్ ఒక్కటే, వదిలేయమన్న జాబితా ఖాళీ. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో అడ్మిన్ ఒకటి పెట్టి, మాస్టారికి రోజూ వాడుకోవడానికి స్టాండర్డ్ అకౌంట్ వేరే ఇచ్చాను. ఏదైనా ఇన్‌స్టాల్ అవ్వాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ పాస్‌వర్డ్ అమ్మగారి దగ్గర పోపులపెట్టె అడుగున కాగితం మీద ఉంది. ఆవిడ అనుమతి లేకుండా ఇక ఏ బూస్టరూ ఎక్కదు. నిజంగానే "మీ సంస్థ నిర్వహిస్తోంది" అయింది. పాత బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లన్నీ బయటికి పోయినట్టే లెక్కేసి, మెయిల్‌తో మొదలుపెట్టి బ్యాంకుదాకా అన్నీ ఫోన్ నుంచి మార్పించాను. రెండో అంచె ఓటీపీ పెట్టాం, మిగతా చోట్ల లాగిన్ అయి ఉన్నవన్నీ లాగౌట్ చేశాం. రూటర్‌కి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంది, మార్చాను. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, అది ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్సులా పడి ఉంది, 12 వోల్ట్ 7 ఏహెచ్ బ్యాటరీ కొత్తది వేశాను. వేసవి కోతల్లో టపీమని ఆగిపోవడం పాత డిస్క్‌కి ఏమాత్రం మంచి చేసి ఉండదు.

బ్యాకప్‌కి 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్. నెల మొదటి ఆదివారం తగిలించడం, విండోస్‌లోని ఫైల్ హిస్టరీ బ్యాకప్ అయ్యాక పీకి బీరువాలో పెట్టడం. ఎప్పుడూ తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు దాన్ని కూడా తాళం వేసేస్తుంది. బిల్లు: ఎస్ఎస్‌డీ 4,200, ర్యామ్ 700, సెల్ 40, యూపీఎస్ బ్యాటరీ 1,100, బ్యాకప్ డిస్క్ 5,500, నా కూలి 1,500. మొత్తం 13,040. కూలి తగ్గించబోతే మాస్టారు ఒప్పుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత ఫోన్. "ఒరేయ్, ఆ వెతుకులాట పేజీ మళ్లీ వచ్చిందిరా." నమ్మలేదు. కొత్త విండోస్, కొత్త డిస్క్, ఎలా వస్తుంది? వెళ్లి చూస్తే వచ్చింది. నేను చేసిన పొరపాటు ఇది, రాయకుండా దాటేయలేను. పాత బ్రౌజర్‌లో పాలసీతో బిగించిన ఎక్స్‌టెన్షన్ ఒక్కటే కాదు, మాస్టారు ఎప్పుడో స్వయంగా వేసుకున్న రెండో బాపతుది కూడా ఒకటుంది. ఆయన కొత్త మిషన్‌లో తన అకౌంట్‌తో బ్రౌజర్‌కి లాగిన్ కాగానే అకౌంట్‌లో దాచినవన్నీ దింపే సింక్ దాన్ని బుద్ధిగా తెచ్చి మళ్లీ పెట్టింది. చెత్త డిస్క్‌లోనే కాదు, అకౌంట్‌లో కూడా ఉంది. దాన్ని తీసేసి, అకౌంట్‌లో దాచిన సింక్ డేటా మొత్తం తుడిచి, బుక్‌మార్కులు మాత్రం చేత్తో ఎక్కించాను. "మీ కంప్యూటర్‌కి వైరస్" అంటూ పాత మిషన్‌లో మూలన వచ్చే బొమ్మలు మాత్రం మళ్లీ రాలేదు, అవి వైరస్‌లు కావు, ఏదో సైటుకి నోటిఫికేషన్లకి అనుమతి ఇస్తే వచ్చేవి. ఆ సెట్టింగ్‌లో ఏ సైటూ అడగకుండా ఆపేశాను. వాటిలో కనిపించే నంబర్‌కి ఫోన్ చేస్తేనే అసలు కథ మొదలవుతుంది, రిమోట్ యాప్ వేయించి మౌస్ తమ చేతిలోకి తీసుకుంటారు. మానిటర్ అంచున సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 అని కాగితం అంటించి వచ్చాను.

ఇక ఆ రెండొందల కేబీ. డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ అని ఒకటుంది, చదవలేకపోయిన ముక్కల స్థానంలో, కాపీలోనే, మనకి నచ్చిన గుర్తు మాట నింపుతుంది. ఆ తర్వాత ఆ మాట ఏ ఫైళ్లలో ఉందో వెతికిస్తే పాడైన ఫైళ్ల పేర్లు బయటపడతాయి. లక్ష పైచిలుకు ఫైళ్లలో నాలుగు తేలాయి. రెండు విండోస్‌వి, వాటితో పనిలేదు. ఒకటి వంశవృక్షం పాత ప్రతి, కొత్త ప్రతి బాగానే ఉంది. నాలుగోది ఫోటో. తెరిస్తే పైన సగం బాగుంది: నుదుటి బొట్టు, కళ్లు, ముక్కుపుడక. దాని కింద అంతా బూడిదరంగు పట్టీలు.

అమ్మగారికి చూపించడానికి ధైర్యం చాల్లేదు, మాస్టారికే చెప్పాను. ఆయన నోటుబుక్కు తీసి రిమార్కుల గడిలో ఏదో రాసుకున్నారు. తర్వాత ఆవిడకి తెలిసింది, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఫోటో అసలు కాగితం నర్సరావుపేటలో చెల్లెలి ఇంట్లో గోడకి ఉందట, ఉగాదికి వచ్చేటప్పుడు పటం విప్పి తెస్తానందట. డెస్క్‌టాప్ మీద "అమ్మ" అని ఫోల్డర్ ఒకటి చేసి పెట్టాను, ప్రస్తుతానికి ఖాళీగా ఉంది. స్కానర్ డ్రైవర్ మాత్రం ముందే వేసి చూసుకున్నాను, పనిచేస్తోంది.